నూట నలభై మూడు ఓట్లు, ఒక ఇస్త్రీ బండి

ప్రశ్న: నేను గుంటూరులో ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. వయసు నలభై ఒకటి. ఆరేళ్లుగా బ్లాగు రాస్తున్నాను, ఎక్కువగా మా బ్రాడీపేట సంగతులే. ఈ ఏడాది ఉత్తమ తెలుగు బ్లాగు అని ఆన్‌లైన్‌లో ఓట్ల పోటీ పెట్టారు. ఎవరో నా పేరు కూడా ఇచ్చారు. నెల రోజులు రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని లెక్క చూసుకోవడంతోనే సరిపోయింది. మావారు అపార్ట్‌మెంట్ గ్రూపులో, నేను స్కూలు స్టాఫ్ గ్రూపులో ఓట్లు అడిగాం. చివరికి నాకు 143 ఓట్లు, ఏడో స్థానం. విజయవాడలో ఉండే నా స్నేహితురాలికి 1,912, మొదటి స్థానం. ఇద్దరం ఒకే ఏడాది రాయడం మొదలుపెట్టాం, ఒకరి రాతలు ఒకరం దిద్దుకునేవాళ్లం. ఆ రోజు నుంచీ ఆమె ఫోన్ నేను ఎత్తడం లేదు. మూడు నెలలుగా ఒక్క ముక్క రాయలేదు. నాకసలు రాయడం వచ్చా? వచ్చే ఏడాది మళ్లీ పోటీలో ఉండాలా, వద్దా? మచ్చుకి నా రాత ఒకటి జత చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ ఫోన్ ఎత్తండి. ఎత్తలేరని నాకు తెలుసు, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను, లేకపోతే ఈ ఒక్క ముక్కతో సరిపోయేది.

నా సంగతి ఒకటి చెప్తాను, సిగ్గుగానే. 2008 ప్రాంతంలో నేనూ ఇలాంటి పోటీలో ఉన్నాను. అప్పుడు తెలుగు బ్లాగులు వానాకాలం పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి, బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి, జల్లెడ లాంటి సైట్లు తెరిస్తే ఆ పూట ఎవరేం రాశారో పావుగంటలో తెలిసిపోయేది. బ్లాగులకి అవార్డులివ్వడం అప్పటికే పాత ముచ్చట. అమెరికాలో బ్లాగీస్ అని 2001లోనే మొదలుపెట్టారు, మన దగ్గర ఇండీబ్లాగీస్ 2003లో వచ్చింది. వాటిని చూసి మా నలుగురైదుగురికీ సరదా పుట్టి చిన్న పోటీ పెట్టుకున్నాం. ఒక ఈమెయిల్‌కి ఒక ఓటు. గవర్నర్‌పేటలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లి ఐదు ఐడీలు తయారు చేసుకుని నాకు నేనే ఓట్లు గుద్దుకున్నాను. ఒకదాని పాస్‌వర్డ్ అక్కడికక్కడే మర్చిపోయాను కాబట్టి నాలుగే పడ్డాయి. మూడో స్థానం వచ్చింది. రెండో స్థానానికీ నాకూ తేడా రెండు ఓట్లు, అంటే ఆ పాస్‌వర్డ్ గుర్తొచ్చినా లాభం లేదన్నమాట. ఆ రాత్రి నిద్రపట్టక నా దొంగ ఓట్లు తీసేసి లెక్క వేసుకుంటే ఐదో స్థానంలో తేలాను. రెండో స్థానం వచ్చినాయన ఎన్ని పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకున్నాడో మాత్రం ఇప్పటికీ అడగలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీరు రాత్రిళ్లు ఫోన్ చూసుకున్నందుకు మీ మీద మీకే చిరాకు ఉన్నట్టు ఉత్తరంలో కనిపిస్తోంది. దానికంత బాధ అక్కర్లేదు. లెక్క కళ్ల ముందు కదులుతుంటే ఎవరైనా చూస్తారు. ఎన్నికల ఫలితాల రోజు మన వీధిలో పోటీలో లేనివాళ్లు కూడా టీవీ ముందు నుంచి లేవరు, మీరేమో పోటీలో ఉన్నారాయె.

ఇక ఆ 143 సంగతి చూద్దాం. మీ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని ఫ్లాట్లో నాకు తెలీదు, ముప్ఫై అనుకుందాం. స్కూల్లో స్టాఫ్ ఓ పాతిక. మీవారు అడిగారంటే ఆయన ఆఫీసు వాళ్లు, మీ చుట్టాలు, మీ పదో తరగతి బ్యాచ్. ఇంకా మిగిలినవాళ్లలో మీరెవరో తెలియకుండా, మీ రాత చదివి, నచ్చి ఓటేసినవాళ్లు ఎంతమంది? ఇరవయ్యా? మీ స్నేహితురాలి 1,912 కూడా ఇదే పద్ధతిలో విడగొట్టి చూడండి. ఆమె తమ్ముడికో, ఆడపడుచు కొడుక్కో హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం ఉంటే చాలు, ఒక్క మెసేజ్ ఫ్లోర్లకి ఫ్లోర్లు తిరుగుతుంది. ఆమె బాగా రాయదని నేను అనడం లేదు, ఆమె రాత నేను చదవలేదు. ఓట్ల పోటీలో లెక్కకొచ్చేది ఎవరికి ఎంతమంది తెలుసు, వాళ్లలో ఎంతమంది మొహమాటస్తులు అన్నది. చదివి ఓటేసినవాళ్లూ, చదవకుండా ఓటేసినవాళ్లూ ఒకే అంకెలో కలిసిపోతారు, బియ్యంలో రాళ్లు కలిసినట్టు, తర్వాత ఏరడానికి కూడా వీలుండదు.

ఇంకో సంగతి, అది మీరు గమనించే ఉంటారు. నడుస్తున్న లెక్క అందరికీ కనపడేలా పెడతారు చూడండి, అక్కడే అసలు తిరకాసంతా. దీని మీద 2006లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు చేసిన ప్రయోగం అచ్చయింది. ఎవరూ వినని 48 పాటలు ఇంటర్నెట్‌లో పెట్టారు, పద్నాలుగు వేల మందికి పైగా వచ్చి విన్నారు. కొందరికి పాటలు మాత్రమే చూపించారు. మిగతావాళ్లని ఎనిమిది గుంపులు చేసి, ఎవరి గుంపులో వాళ్లకి ఏ పాటని ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో అంకె కూడా చూపించారు. పాటలు అవే, వినేవాళ్లూ అలాంటి వాళ్లే. కానీ అంకె కనపడ్డ గుంపుల్లో ముందున్న పాట ఇంకా ముందుకు దూసుకుపోయింది, వెనకబడ్డది ఇంకా వెనకబడింది, పైగా ఒక గుంపులో నెత్తిన పెట్టుకున్న పాటని ఇంకో గుంపు పట్టించుకోలేదు. మరీ బాగున్న పాటలు పూర్తిగా కిందపడలేదు, మరీ బాగోలేనివి పైకి రాలేదు. మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏదైనా జరగొచ్చు. మొదటి వారంలో మీ స్నేహితురాలికి ఓ యాభై ఓట్లు ఎక్కువ పడి ఉంటే ఆ యాభైయే ఐదు వందలని లాక్కొచ్చి ఉంటుంది. ఆ యాభై మీకు పడి ఉంటే ఈ ఉత్తరం బహుశా ఆమె నాకు రాసేది.

అలాగని పోల్చడమే తప్పని చెప్పేవాళ్లలో నేను లేను. కృష్ణా గుంటూరు వాళ్లం మనం ఆ మాట అంటే నవ్వుతారు కూడా. ఇడ్లీ ఏ హోటల్లో బాగుంటుందని గంటసేపు కొట్టుకుంటాం, ఆవకాయ ఎవరింట్లో బాగా కుదిరిందని పెళ్లి భోజనాల్లో కూడా తేలుస్తాం. మా కుర్రతనంలో ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపుల ముందు టీ గ్లాసులు పట్టుకుని విశ్వనాథ గొప్పా శ్రీశ్రీ గొప్పా అని అరుచుకునేవాళ్లం. నేను ఇద్దరినీ సగం సగమే చదివినవాణ్ణి, అయినా అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఆ వాదన ఏ రోజూ తేలలేదు, తేలితే మర్నాడు సాయంత్రం ఏం చేసేవాళ్లం? అయితే అలా అరుచుకోవడం వల్ల నేను ఆ మిగిలిన సగాలు చదివాను, ఎదుటివాణ్ణి ఓడించడానికైనా సరే. పోలిక అనేది చదివేవాళ్ల ఆట. వాళ్ల నోళ్లకి పని, కాస్త సరదా, కొత్త పేర్లు తెలుస్తాయి. మీ పోటీ జాబితాలో పేర్లున్న పది మందినో ఇరవై మందినో అంతకుముందు తెలియని ఎవరో ఒకరు చదివే ఉంటారు. చిక్కల్లా రాసేవాళ్లు వచ్చి ఆ ఆటలో స్కోరుబోర్డు పక్కన కూర్చున్నప్పుడే.

మీకు మిర్చి యార్డు చూపించాల్సిన పని లేదు, ఫిబ్రవరి వస్తే ఊరు ఊరంతా తుమ్ముతుంది. మా తోడల్లుడు అక్కడ కమీషన్ వ్యాపారం చేస్తాడు. ఓసారి సీజన్‌లో వెళ్లి, గుడ్డ ముక్కుకి కట్టుకుని, ఆయన వెనకాల తిరిగాను. టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి విప్పుతాడు, చెయ్యి లోపలిదాకా పెట్టి అడుగున ఉన్న కాయ తీస్తాడు, పైన ఉన్నది ఎప్పుడూ తియ్యడు. తుంచుతాడు. గింజ చూస్తాడు, తొక్కని వేలితో రుద్ది రంగు చూస్తాడు, తేమ ఉందేమోనని గుప్పిట్లో పట్టి విరుస్తాడు. అంతా కలిపి పది సెకన్లు. ఇటు తేజ రకం, అటు 334 రకం, ఓ పక్కన బ్యాడిగి. వీటిల్లో ఏది మంచిదండీ అని అడిగాను. ఎవరికి, అన్నాడు. ఘాటు కావాలంటే తేజ. రంగు కావాలి, ఘాటు వద్దు అనేవాడికి బ్యాడిగి. ఇంట్లో కారానికి, పచ్చడికి 334 చాలు. మూడింటికీ మూడు రేట్లుంటాయి, ఒక్కో ఏడు ఒక్కోటి పైకెక్కుతుంది, కానీ ఉత్తమ మిరపకాయ అని యార్డులో ఎవరూ దండ వెయ్యరు. తాలు మాత్రం తాలే, తెల్లబడ్డ కాయని ఏ వ్యాపారికి చూపించినా మొహం పక్కకి తిప్పుకుంటాడు.

రాతలో కూడా తాలు ఉంటుంది, నేను కాదనను. అన్నీ గొప్పవే, ఎవరి అభిరుచి వారిది అనేసి మిమ్మల్ని బుజ్జగించి పంపడం నాకు ఇష్టం లేదు. అందుకే మీరు పంపింది రెండుసార్లు చదివాను. దాని సంగతి చివర్లో.

ఈ పోటీ జబ్బు మన కాలంలో ఫోన్లతో వచ్చిందనుకుంటారు కొందరు. నూరేళ్ల కిందట మీ గుంటూరు ప్రాంతంలోనే తిరుపతి వేంకట కవులకీ కొప్పరపు సోదర కవులకీ మధ్య నడిచిన గొడవ ముందు మీ ఓట్ల పోటీ ఎంత? కొప్పరపు వారిది నరసరావుపేట దగ్గర కొప్పరం, ఆశువుగా గంటకి ఎన్ని పద్యాలు చెప్పగలరన్న లెక్కతోనే వాళ్ల పేరు మోగిపోయింది. అటు తిరుపతి వేంకట కవులు అవధానాల్లో సింహాలు, మమ్మల్ని ఓడించినవాళ్ల ముందు మీసాలు తీసేస్తామని సవాలు చేసి మరీ మీసాలు పెంచిన జంట. ఊళ్లకి ఊళ్లు రెండు పక్షాలైపోయాయి, పద్యాలతో తిట్టుకున్నారు, పత్రికల్లో, కరపత్రాల్లో రాసుకున్నారు. అప్పుడు వాట్సాప్ ఉండి ఉంటే అది ఏ స్థాయికి వెళ్లేదో నేను ఊహించదలచుకోలేదు. ఆ తిట్ల పద్యాలు ఇవాళ పరిశోధన చేసేవాళ్లు తప్ప ఎవరు చదువుతున్నారు? తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలైతే ఇప్పటికీ పల్లెల్లో హార్మోనియం పెట్టి, రాత్రి రెండింటికి, రాగం తీసి పాడుతున్నారు.

ఆ జంటలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారి గురించి ఇంకో ముక్క. మీసం మెలేసి సవాలు చేసిన ఆ మనిషే పెద్దవాడయ్యాక వినుకొండలో పుట్టిన జాషువా కాలికి స్వయంగా వంగి గండపెండేరం తొడిగారు, ఆ కవి పాదం తాకి నా జన్మ ధన్యమైందన్నారు. జాషువాని కులం పేరు చెప్పి సభల్లోంచి పంపించేసిన రోజులవి. ఒక పెద్దాయన మోకాళ్ల మీద వంగడమంటే అప్పుడు చిన్న విషయం కాదు. నాకు అవార్డు అనే మాట వినగానే కళ్ల ముందుకొచ్చేది అదే దృశ్యం, ఒక కవి ఇంకో కవి కాలు పట్టుకోవడం. ఎన్ని ఓట్లొస్తే అలా అవుతుంది చెప్పండి.

సరే, మీ స్నేహితురాలి దగ్గరికి వద్దాం, అసలు ముల్లు అక్కడే ఉంది. మొదటి స్థానం ఎవరో బొత్తిగా తెలియని మనిషికి వచ్చి ఉంటే మీరు రెండు రోజులు ఉసూరుమని మూడో రోజు రాయడం మొదలుపెట్టేవారు. 1954లోనే ఫెస్టింగర్ అనే మానసిక శాస్త్రవేత్త ఈ మాట చెప్పాడు, కొలబద్ద లేని చోట మనుషులు తమని తాము తమలాంటి వాళ్ల పక్కన నిలబెట్టి కొలుచుకుంటారని. ఆకాశమంత ఎత్తున్నవాళ్లని చూసి ఎవరూ కుళ్లుకోరు. బ్రాడీపేట టీచరుకి జ్ఞానపీఠం వచ్చినవాళ్ల మీద అసూయ ఎందుకుంటుంది, పక్కనే కూర్చుని అక్షరదోషాలు దిద్దినామె మీద ఉంటుంది గానీ. అసూయ పుట్టినందుకు మీరు చెడ్డవారేమీ కారు. అయితే మూడు నెలలు ఫోన్ ఎత్తకపోవడం మాత్రం బాగోలేదు, మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఆమె ఓట్లు అడుక్కుందో లేదో నాకు తెలీదు, మీరూ అడిగారు కదా. ఆమె గెలిచిన రోజు ఎవరికి ముందు ఫోన్ చేసి ఉంటుంది? మీరు ఎత్తలేదు. ఆమె సంతోషం కూడా సగం అక్కడే చచ్చిపోయి ఉంటుంది, ఆ సంగతి మీరు ఆలోచించినట్టు ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు.

ఏం మాట్లాడాలో తెలియకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి. 'కుళ్లు వచ్చిందే, అందుకే ఎత్తలేదు' అనండి. ఇద్దరు ఆడవాళ్లు ఆరేళ్లు ఒకరి కామాలు ఒకరు సరిచేసుకున్నాక ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేంటి? ఆమె ముందు తిడుతుంది, తర్వాత నవ్వుతుంది, నాకు తెలిసిన బెజవాడ ఆడవాళ్లంతా ఆ వరసలోనే చేస్తారు. గంటలో బస్సు దిగితే బెజవాడలో ఉంటారు, ఫోన్ కూడా అక్కర్లేదు అసలు, ఆదివారం వెళ్లి గుమ్మంలో నిలబడండి. చేతిలో ఏదైనా కాగితం పట్టుకెళ్లండి, దిద్దమని.

వచ్చే ఏడాది పోటీ అంటారా, ఎవరైనా మీ పేరిస్తే ఉండనివ్వండి, తీసేయమని లేఖలు రాసి త్యాగమూర్తి వేషం వెయ్యడం ఇంకో రకం ప్రచారం. న్యాయనిర్ణేతలు చదివి ఎంపిక చేసే పోటీ అయితే తప్పకుండా పంపండి, అందులోనూ రాగద్వేషాలుంటాయి, కానీ కనీసం నలుగురు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. ఓట్ల పోటీ అయితే ఒక్క పని చెయ్యండి, గ్రూపుల్లో అడగొద్దు. స్టాఫ్ రూములో మీకు ఓటేశామని చెప్పే టీచర్ల మొహం చూసి మీరు నెల రోజులు ఎంత ఇబ్బంది పడి ఉంటారో నేను ఊహించగలను, వాళ్లు మీ బ్లాగు తెరవలేదని మీకూ తెలుసు, మీకు తెలుసని వాళ్లకీ తెలుసు. లెక్క చూడకుండా ఉండగలరా అంటే ఉండలేరు. ఆ నెలంతా పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడాలని కోరుకోవడం తప్ప దానికి నా దగ్గర మందు లేదు.

నా దొంగ ఓట్ల పోటీ అయ్యాక ఏం మిగిలిందో చెప్పలేదు కదూ. మూడో స్థానం బొమ్మ ఒకటి ఇచ్చారు, బ్లాగు పక్కన అతికించుకున్నాను, ఆ సైటు మూతపడ్డాక అక్కడ ఖాళీ డబ్బా ఒకటి చాలాకాలం కనపడుతూ ఉండేది. తెనాలి నుంచి ఒకాయన మాత్రం పోటీ జాబితాలో చూసి వచ్చి, నేను మా అమ్మమ్మ కుంపటి గురించి రాసింది చదివి, కుంపట్లో బొగ్గు అలా రాజుకోదు బాబూ, మీరు కిందనుంచి విసిరినట్టు రాశారు, ఫలానా వైపు నుంచి విసరాలి అని పేజీన్నర ఈమెయిల్ రాశారు. ఆయన చెప్పింది నిజం. ఆ ఈమెయిల్ ప్రింటు తీసి ఇప్పటికీ దాచుకున్నాను.

బొగ్గులంటే గుర్తొచ్చింది, మీరు పంపింది. మీ వీధి చివర ఇస్త్రీ బండి అతని గురించి. మొదటి రెండు పేరాలు కొట్టేయండి, శ్రమజీవుల గొప్పదనం మీద ఉపన్యాసం అది, టీచరు కదా, అలవాటు. మూడో పేరా నుంచి మీరు నిజంగా చూసింది రాశారు. తడివేలు పెట్టె అడుగున తాకించి, చుయ్‌మన్న చప్పుడు విని వేడి చాలిందో లేదో చెప్పడం. పట్టుచీర వస్తే పెట్టె పక్కన పెట్టేసి ముందు చేతులు కడుక్కోవడం. అతనికి ఎవరి పేర్లూ తెలియకపోవడం, అందరినీ లైను, అడ్డరోడ్డు నంబర్లతో పిలవడం, 'నాలుగు బై పద్నాలుగు అమ్మగారూ, మీ సారువి రెండు చొక్కాలు ఆగినయ్' అనడం. నేను చదువుతూ పైకే నవ్వాను, మా ఆవిడ వంటింట్లోంచి ఏంటని అడిగింది, చదివి వినిపించాను. ఇది తాలు కాదు. మీ మాటల్లో చెప్పాలంటే, మీకు రాయడం వచ్చు.

కానీ మీరు చివర్లో, వీధిలో సగం ఇళ్లవాళ్లు వాషింగ్ మిషన్‌తో పాటు ఆవిరి ఇస్త్రీ పెట్టె కూడా కొనుక్కున్నారని, అతను బండి ఐదో లైనుకి మార్చేద్దామా అని మిమ్మల్ని అడిగాడని రాసి, అక్కడ ఆపేశారు. తేదీ చూస్తే సరిగ్గా ఓట్లు మొదలైన వారం. మార్చాడా? మా ఆవిడ కూడా అడగమంది.